మూడు మోతలు

మా మేనత్త ప్లోనియా చేతిలోంచి కొడవలి లాక్కోవడం నేను కళ్ళారా చూశాను. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. కౌలు చేసేవాళ్ళు వింటారని, బడిలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు చదివి వినిపిస్తారని రాస్తున్నాను.

జూలై నెల. కోతలు మొదలై రెండో రోజు. పదిహేడు మందిమి అత్త చేలో వరసగా వంగి ఉన్నాం. మగవాళ్ళ తుపాకులు కంచెకి ఆనించి ఉన్నాయి. సముద్రం అవతలి రాజు మీద యుద్ధం మొదలయ్యాక మా లోయలో ఎవరి చేను వాళ్ళు కోసుకోవడం పోయింది. అందరం ఒకే చేలోకి దిగుతాం. కొందరు కోస్తారు, కొందరు తుపాకులు పట్టుకుని వాగు వైపు చూస్తూ నిలబడతారు. అది అయ్యాక ఇంకో చేలోకి పోతాం. ఒంటరిగా కోతకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మానేశాక ఈ పద్ధతి వచ్చింది.

పొద్దు నడినెత్తికి రాకముందే కర్నల్ వాన్ వెసెమ్ గుర్రం మీద వచ్చాడు. లోయలో నేలంతా ఆయనది. మేమంతా ఆయన కౌలుదార్లం. యుద్ధం వచ్చాక ఊరి దళానికి కూడా ఆయనే అధికారి అయ్యాడు.

"ఇవాళ్టినుంచి కాపలా నా పల్లపు చేలకి కావాలి. అందరూ అక్కడికి నడవండి. ఈ చేను సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "సగం కోశాం దొరా. ఇంకో రోజున్నరలో అయిపోద్ది. గింజ రాలడానికి సిద్ధంగా ఉంది."

"నాదీ రాలుతుంది, యోస్ట్. ఏడాదికి నాలుగు రోజులు నా చేలో కొడవలి పట్టాలని కౌలు కాగితంలో ఉందా, లేదా?"

"నాలుగు రోజులని ఉంది దొరా. మీ చేను పదిహేను రోజుల పని."

"యుద్ధం," అన్నాడు కర్నల్. ఆ ఒక్క మాటే అన్నాడు.

మగవాళ్ళు ఒక్కొక్కరే తుపాకులు అందుకున్నారు. కట్టిన పనలు కట్టినట్టే, కట్టనివి కట్టనట్టే వదిలేశారు. మా అన్న హానెస్ నా వైపు చూసి భుజాలెగరేశాడు. అత్త మాత్రం వంగినది లేవలేదు. కోస్తూనే ఉంది. ఆమె భర్త మూడేళ్ళ కిందట ఒరిస్కనీ లోయలో జరిగిన పోరులో పోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. కర్నల్ గారి పెద్ద కొడుకు కూడా ఆ రోజే, ఆ లోయలోనే పోయాడు. అది నేను మరిచిపోలేదు. ఆయన కూడా మరిచిపోలేదనే అనుకుంటాను.

"అపోలోనియా, కాపలా లేకుండా చేలో మనిషి ఉండకూడదు. నా హుకుం."

"అయితే కాపలా ఉంచండి," అంది అత్త తల ఎత్తకుండా.

కర్నల్ గుర్రం దిగాడు. అత్త దగ్గరికి నడిచి కొడవలి పట్టుకుని గుంజాడు. అత్త వదల్లేదు. ఆయన ఇంకోసారి గుంజాడు. అత్త అరచెయ్యి అడ్డంగా తెగింది. కోయాలని ఆయనకి లేదు. రక్తం చూసి జేబు రుమాలు తీసి ఇచ్చాడు కూడా. అత్త దాన్ని చూసి, ఆయన్ని చూసి, చేతిని గౌనుకి తుడుచుకుంది.

సాయంత్రానికి ఆ కొడవలిని కోట గుమ్మం మీద మేకుకి తగిలించారు, వచ్చేపోయేవాళ్ళంతా చూడాలని.

కోట అంటే ఏదో అనుకోకండి. కర్నల్ గారి రాతి ఇల్లే. చుట్టూ దుంగలు పాతి గోడ కట్టారు. ఇంట్లో ఆయన కుటుంబం. గుర్రాల పాకలోనూ గడ్డి కొట్టంలోనూ మేం, తొమ్మిది కుటుంబాలం. మా ఇళ్ళు మూడు మైళ్ళ లోపలే ఉన్నా, నిరుడు శరత్కాలం నుంచి ఎవరూ వాటిలో పడుకోలేదు. మా ఇంటి పొయ్యిలో గడ్డి మొలిచిందని హానెస్ చూసి వచ్చి చెప్పాడు. అమ్మ ఉండి ఉంటే ఏడ్చేదేమో. నాకు ఏమీ అనిపించలేదు.

గోడ మూలన చెక్క అరుగు మీద చిన్న ఫిరంగి ఉండేది. గుండు వేయకుండా ఉత్త మందు కూరి పేలుస్తారు. ఒక్క మోత అయితే కబురొచ్చిందని అర్థం. రెండయితే మగవాళ్ళు తుపాకులతో రావాలి. మూడయితే చేతిలో ఉన్నది వదిలేసి అందరూ లోపలికి పరుగెత్తాలి. మూడు మోతలు వినిపిస్తే మా పాకలో పాకే పిల్లలు కూడా గుమ్మం వైపే పాకేవాళ్ళు. ఫిరంగి పని వెల్టెన్ తాతది. ఒక కన్ను లేదు. సొంత చేను లేదు, కౌలు చేను కూడా లేదు. అరుగు కిందే పడుకునేవాడు.

అయిదు రోజులు కర్నల్ గారి పల్లపు చేలల్లో కోశాం. పైన అత్త చేలో కట్టకుండా పడున్న గోధుమల మీద రెండు వానలు పడ్డాయి. మొలకలొచ్చాయి. అత్త వెళ్ళి చూసి వచ్చి, "పచ్చగా బాగుంది," అంది. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరూ లేవలేదు. గడ్డి కొట్టం నేల మీద అలాగే కూర్చున్నాం. మొక్కజొన్న సంకటి కుండ మధ్యలో ఉంది. అందరి చెంచాలూ అందులోనే.

"ఇంకో పది రోజులు ఆయన చేను కోస్తే మన చేలల్లో కోయడానికి గడ్డి మిగులుద్ది," అంది అత్త. చేతికి కట్టిన గుడ్డ నల్లబడింది. "చలికాలం ఏం తింటాం? దొరగారి రుమాళ్ళా?"

ఆడమ్ మా పక్క కౌలుదారు. ఎప్పుడూ అందరికంటే ముందు భయపడేది ఆయనే. "ప్లోనియా, గోడ ఆయనది. ఫిరంగి ఆయనది. బయటికి పొమ్మంటే ఎక్కడికి పోతాం?"

"గోడకి దుంగలు కొట్టింది ఎవరు?"

"మనమే."

"లాక్కొచ్చింది?"

"మనమేలే. అడివి మాత్రం ఆయనదిగా."

"అడివి ఆయన నాటాడా?"

దానికి కొందరు నవ్వారు. హానెస్ అప్పటిదాకా సంకటి గీకుతున్నాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు. అన్న మామూలుగా పదిమందిలో మాట్లాడడు. ఆ పిరికితనంలో నేనూ వాడూ ఒకటే.

"నిరుడు మేం దళంతో పడమటికెళ్ళి సెనెకా తెగవాళ్ళ చేలు కాల్చాం. మొక్కజొన్న మనిషికంటే ఎత్తుంది. పచ్చి మీద ఉంది, అంటుకోదు. ఇళ్ళు విప్పి ఆ కలపతో కాల్చాం. పళ్ళచెట్లు కూడా నరికాం. చెట్లు ఎందుకు సార్ అనడిగితే, వాళ్ళకి తినడానికేమీ మిగలకూడదన్నారు. కర్నల్ గారు గుర్రం మీద ఉన్నారు. అగ్గి మాత్రం మా చేతుల్లో ఉంది." చెంచా నాకి పక్కన పెట్టాడు. "ఇప్పుడు వాళ్ళు మన చేలమీదికొస్తున్నారు. ఆయన చేను గోడ పక్కన ఉంది. మన చేలు అడివి అంచున ఉన్నాయి. ఎవరికి తినడానికి మిగలదో మీరే చూసుకోండి."

ఎవరిదో బిడ్డ దగ్గింది.

"కాపలా కాపలా అంటాడు," అన్నాడు నాన్న చివరికి. "కాపలా కాసేది మనమేగా. దళమంటే మనం. ఆ తుపాకులు ఆయనవి కావు."

నాన్న నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. టోపీ తీసే మనిషి.

అప్పుడు చీటీలు వేద్దామన్నారు. ఏ చీటీ ముందొస్తే ఆ చేను ముందు. పాస్టరు గారి బడిలో నాలుగు చలికాలాలు చదివినందుకు రాయడం నా పని అయింది. పంచాంగం వెనక తెల్ల కాగితాలు చింపి తొమ్మిది పేర్లు రాశాను.

"దొర పేరు కూడా రాయవే ఒటీలియా," అంది అత్త. "మనం ఆయనలాంటివాళ్ళం కాదు. కాకపోతే ఆయనకీ ఒక్క చీటీయే."

పదో చీటీ రాశాను. తీస్తే అది ఏడోది వచ్చింది. మొదటిది ఆడమ్‌ది. ఆడమ్ చీటీ చూసి, "నాదే రావాలా ముందు?" అని తల పట్టుకున్నాడు. ఆ రోజు పాకంతా నవ్వింది. అందరం కలిసి నవ్వడం అదే చివరిసారి.

సోమవారం పొద్దున్నే కోట గుమ్మం దాటి పల్లపు చేల వైపు కాకుండా ఎడమకి తిరిగాం. కర్నల్ మెట్ల మీద నిలబడి చూశాడు. ఆడమ్ నడుస్తూ మూడుసార్లు వెనక్కి చూశాడు.

ఒక గంట కోశామేమో. ఫిరంగి మోగింది. ఒకటి. రెండు. మూడు.

కొడవళ్ళు పడేసి పరుగెత్తాం. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు కొందరు, ముసలివాళ్ళని ఈడ్చుకెళ్ళినవాళ్ళు కొందరు. గుమ్మం మూశారు. మగవాళ్ళు గోడ సందుల్లో తుపాకులు పెట్టి నిలబడ్డారు. మధ్యాహ్నమైంది. అడివి వైపు నుంచి ఒక్క పిట్ట కూడా రాలేదు.

కర్నల్ మెట్ల మీద గడియారం చూసుకున్నాడు. "ప్రాణాలతో ఉన్నారు. సంతోషించండి. విడిగా పోతే ఏమవుతుందో తెలిసింది కదా. రేపు పల్లపు చేలకి రండి."

బావి దగ్గర సుకీ నీళ్ళు తోడుతోంది. సుకీ కర్నల్ గారి బానిస. ఆయన తండ్రి కొన్నప్పుడు చిన్నపిల్లట. ఇప్పుడు తల నెరిసింది. అత్త కుండ పట్టుకుని వెళ్ళింది, వెనక నేను.

"ప్లోనియమ్మా, వేగువాడెవడూ రాలేదు," అంది సుకీ, తాడు లాగుతూ, మా వైపు చూడకుండా. "కాఫీ తాగి లేచి వెల్టెన్‌తో పేల్చమన్నాడు. గిన్నె నా చేతిలోనే ఉంది."

"నిజంగానా?"

"నేనెప్పుడన్నా మీతో అబద్ధం చెప్పానా? మీతో అసలు మాట్లాడిందెప్పుడు గనక."

అత్త అక్కణ్ణుంచి సరాసరి అరుగు దగ్గరికి వెళ్ళింది. వెల్టెన్ తాత ఫిరంగి గొట్టం తుడుస్తున్నాడు.

"ఎవర్ని చూసి పేల్చావు?"

"చూడ్డానికి నాకున్నది ఒక్క కన్ను, ప్లోనియా."

"ఆ ఒక్క కంటికి ఎవరు కనబడ్డారు?"

తాత గుడ్డ మడిచాడు. మళ్ళీ విప్పాడు. "పేల్చమన్నాడు, పేల్చాను. కాదంటే ఈ అరుగు కింద కూడా చోటుండదు నాకు. నీకు కౌలు చేనన్నా ఉంది."

"ఆయన చావమంటే చస్తావా?"

"చావమనడు. పేల్చమంటాడు. అదే నా పని."

అత్త అతన్ని తిట్టలేదు. వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం పాకలో మళ్ళీ కూర్చున్నాం. ఈసారి మాటలు గట్టిగానే సాగాయి. మోగినా కదలొద్దని అత్త అంది. నాన్న ఒప్పుకోలేదు.

"రేపు నిజంగా వస్తే? ఏది నిజమో ఏది అబద్ధమో మోతని బట్టి ఎలా చెప్తావు?"

"మన కాపలా మనం పెట్టుకుందాం. వాగు దగ్గర ఇద్దరు. వాళ్ళ తుపాకి మోగితే పరుగెత్తుదాం. ఆయన ఫిరంగి మోగితే కోసుకుందాం."

"వాగు దగ్గర నేనుంటా," అన్నాడు హానెస్.

ఆడమ్ గొణిగాడు. "మూడేళ్ళనుంచి ఆ మోత వినే బతికాం ప్లోనియా."

"దాన్ని చెడగొట్టింది నేను కాదు."

చేతులెత్తమన్నారు. నాన్న చెయ్యి ఆలస్యంగా లేచింది. ఆడమ్‌ది లేవలేదు. నా వయసు పదిహేను, నా చెయ్యి లెక్కలోకి వస్తుందో రాదో తెలియదు. అయినా ఎత్తాను. దీన్ని దాచను. నేనూ చెయ్యి ఎత్తాను.

మంగళవారం ఆడమ్ చేను పూర్తి చేశాం. ఫిరంగి మోగలేదు. బుధవారం రెండో చీటీ, అత్తది. చెడినదాన్ని పక్కకి లాగి, నిలబడి ఉన్న సగాన్ని కోస్తున్నాం. ఎండ బాగా ఉంది. సుకీని కర్నల్ భార్య పెరట్లో పనికి పెట్టడంతో ఆ రోజు లోపలి కబురేమీ తెలియలేదు.

ఫిరంగి మోగింది. మూడు.

అందరం నడుములెత్తాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వాగు వైపు నుంచి ఏ చప్పుడూ లేదు.

"దొర కాఫీ తాగేసినట్టున్నాడు," అంది అత్త. మళ్ళీ వంగింది. మేమూ వంగాం.

నాలుగో మోత వినిపించింది. తర్వాత అయిదోది. నాలుగంటే ఏమిటో, అయిదంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పలేదు. అలాంటి లెక్క లేదు.

"మందంతా తగలెయ్యనీ," అన్నాడెవరో. "మన మందు కాదుగా." నవ్వారు. ఆరు. ఏడు. నేను పన కడుతూ లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆగింది.

పేల్చమన్నందుకు కాదు, వినమని ఆ ముసలాయన పేలుస్తున్నాడని అప్పుడు మాకు తట్టలేదు.

వాళ్ళు వాగు గర్భంలోంచి వచ్చారు. హానెస్ తుపాకీ, వాడితో ఉన్న రెండో కాపలావాడి తుపాకీ పేలలేదు. పేల్చే వ్యవధి వాళ్ళకి దొరకలేదని తర్వాత తెలిసింది. రాజు పక్షాన పోరాడే ఆకుపచ్చ కోట్లవాళ్ళు కొందరు. అందులో ఒకడిని గుర్తుపట్టాను, యుద్ధానికి ముందు మా చర్చిలో మా వెనక బల్ల మీద కూర్చునేవాడు. మిగతావాళ్ళు సెనెకాలు. కంచె దగ్గరికి, తుపాకుల కోసం పరుగెత్తినవాళ్ళు సగం దూరం కూడా పోలేదు. అత్త నిటారుగా లేచి నిలబడి, "గోడ వైపు, గోడ వైపు" అని అందరికీ చెయ్యి చూపిస్తోంది. ఆ చెయ్యి అలా ఉండగానే పడిపోయింది.

నేను పనల కుప్పలో దూరాను. ఎంతసేపో తెలియదు. ఒక మనిషి వచ్చి కుప్ప పక్కన నిలబడ్డాడు. పనల సందులోంచి నన్ను చూశాడు. మా నాన్న వయసుంటుంది. చేతిలో కాగడా ఉంది. నిరుడు ఎవరో అతని చేలో కూడా ఇలాగే నిలబడి ఉంటారు. డచ్చి భాషలో, సరుకులమ్మేవాళ్ళు మాట్లాడే డచ్చి భాషలో, "ఇది అంటుకుంటుంది. అటు పాకు," అన్నాడు. పాకాను. వెనక్కి చూడలేదు.

గురువారం అయిదుగురిని పాతిపెట్టాం. అత్తని, హానెస్‌ని ఒకే గోతిలో పెట్టాం. తవ్వే ఓపిక ఎవరికీ లేదు. నేను రొట్టె తిన్నాను. నీళ్ళు తాగాను. హానెస్ బూట్లు నాన్న ఆడమ్‌కిచ్చాడు, కొలత సరిపోయింది. అన్నీ మామూలుగానే జరిగాయి. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

గోతుల మీద మట్టి సర్దాక కర్నల్ మాట్లాడాడు. టోపీ తీసే మాట్లాడాడు.

"వీళ్ళని చంపింది శత్రువే. కానీ వీళ్ళు ఫిరంగి మాట వినలేదు. వింటే బతికేవాళ్ళు. నా హుకుం ఎందుకో ఇప్పటికైనా తెలుసుకోండి. రేపటినుంచి అందరూ పల్లపు చేలకి. గుమ్మం తాళం నా దగ్గర ఉంటుంది."

అందరూ నేల వైపు చూస్తున్నారు. ఆడమ్ తల ఊపాడు. "మనదే తప్పు," అని నెమ్మదిగా అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు. ఆ ఒక్క మాటతో మేం మళ్ళీ ఆయన చేతుల్లోకి వెళ్ళిపోతున్నామని నాకు అర్థమైంది. బయటికి అనడానికి మాత్రం నోరు రాలేదు. నేను కోళ్ళని అదిలించడానికి కూడా గొంతెత్తని పిల్లని.

వెల్టెన్ తాత ముందుకొచ్చాడు. "ఎనిమిది పేల్చాను," అన్నాడు. "చెయ్యి కాలింది. ఎనిమిది."

"వినేవాళ్ళకి మూడు చాలు," అన్నాడు కర్నల్.

"మొన్న వచ్చాం కదా దొరా."

ఆ మాట అన్నది నేనే. అందరూ తిరిగి చూసేదాకా నాకే తెలియలేదు.

"ఏమిటి?"

"సోమవారం మూడు మోగితే వచ్చాం కదా. ఎందుకు మోగిందో చెప్పండి."

కర్నల్ నాన్న వైపు చూశాడు. "మీ పిల్లని లోపలికి పంపు, యోస్ట్."

నాన్న కదల్లేదు. టోపీ అప్పటికే తల మీద లేదు. దాన్ని చేతిలోంచి తీసి తల మీద పెట్టుకున్నాడు.

"సోమవారం ఎవరూ రాలేదు," అన్నాడు వెల్టెన్ తాత అందరికీ వినిపించేలా. "పొద్దున్నే ఆయన చెప్పాడు. నేను పేల్చాను. మూడు అబద్ధాలు. బుధవారం అయిదుగురు పోయింది ఆ మూడింటికే. నన్ను ఉరేసినా ఇదే చెప్తాను." తర్వాత ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "చెప్పింది చెయ్యడం నా పనని ప్లోనియాతో అన్నాను. ఆమె ఇంకోసారి అడగడానికి లేదు."

నిప్పుకర్ర నేల మీద పెట్టాడు. ఫిరంగికి నిప్పంటించేది దాంతోనే. ఎవరూ తీసుకోలేదు. అప్పుడు ఆడమ్ వెళ్ళి తీసుకున్నాడు. ఆడమ్, చెయ్యి ఎత్తని ఆడమ్.

"ఇది ఈ గోడ మీద ఉండకూడదు," అన్నాడు. "ఆయన కాఫీ పక్కన ఉండకూడదు. ఇది మోగితే నిజమని నాకు తెలియాలి. తెలియకపోతే నేను బతకలేను."

తాళ్ళు తెచ్చారు. పనలు కట్టే తాళ్ళే. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు పట్టుకున్నారు. కర్నల్ దళాన్ని పిలిచి, వీళ్ళని ఆపండని హుకుమిచ్చాడు. తుపాకులున్న ఆరుగురు కుర్రాళ్ళు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఒకడు తుపాకి గోడకి ఆనించి వచ్చి తాడు పట్టుకున్నాడు. తర్వాత మిగతావాళ్ళు. కర్నల్ ఇంకోసారి హుకుమిచ్చాడు. వినడానికి ఎవరూ మిగల్లేదు.

ఫిరంగిని చేల మధ్య గుట్ట మీదికి లాగాం. అందరి చేలకీ కనబడుతుంది. ఇంటికొకరు వంతున కాపలా, మగా ఆడా అందరికీ. ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రాణం మీదికొస్తేనే మూడు మోతలు. దాన్ని నేనే రాశాను. సుకీ గుమ్మం దాకా వచ్చి చూసింది. ఆమె పేరు వంతుల్లో రాయాలని మాలో ఎవరికీ తోచలేదు. రాస్తున్న నాకూ తోచలేదు.

కర్నల్ మర్నాడు ఆల్బనీ పట్నానికి, పైఅధికారుల దగ్గరికి వెళ్ళాడు. మేం చీటీల వరస ప్రకారం మిగిలిన చేలు కోశాం. కాలిపోగా మిగిలినవి. ఏడో చీటీ వచ్చినప్పుడు ఆయన పల్లపు చేలో కూడా కోశాం, మాటిచ్చాం గనక, ఒక చీటీకి ఎంతో అంత.

పదకొండో రోజు గుట్ట మీద వంతు నాది. వెల్టెన్ తాత పక్కన కూర్చుని మందు ఎంత కూరాలో చూపిస్తున్నాడు. నది దారిలో దుమ్ము లేచింది. పన్నెండు గుర్రాలు. ముందు కర్నల్, పక్కన ఒక లెఫ్టినెంటు. నీలం కోట్లు. మా వైపు సైన్యం. మా కోసం పోరాడుతున్నవాళ్ళు. ఆఖరి గుర్రం మీద ఎవరూ లేరు, సంకెళ్ళ గొలుసు వేలాడుతోంది.

"నా కోసమే," అన్నాడు తాత. "మీ నాన్న కోసం కూడా కావచ్చు."

"పేల్చనా?"

"నన్నడక్కు. వస్తోంది నా కోసం. నేను చెప్తే అది ఆయన చెప్పినట్టే ఉంటుంది. నియమం రాసింది నువ్వు. నువ్వే చూడు."

చూశాను. భయం లేదు, కోపం కూడా లేదు, బుధవారం తర్వాత అవి నాలో ఎక్కడున్నాయో నాకు దొరకడం లేదు. ఉన్నదల్లా ఆలోచన. ప్రాణం మీదికొస్తేనే అని రాశాను. వీళ్ళు కాల్చడానికి రాలేదు. తాతని తీసుకుపోతారు. తీసుకుపోతే ఫిరంగి మళ్ళీ గోడ మీదికి పోతుంది. గోడ మీదికి పోతే ఇంకో సోమవారం వస్తుంది. సోమవారం తర్వాత బుధవారం వస్తుంది. అబద్ధం పేలుస్తున్నానా అని ఇంకోసారి నన్ను నేను అడిగాను. కాదు.

నిప్పుకర్ర అంటించాను. ఒకటి. తాత మందు కూరాడు. రెండు. మూడు.

చెవులు గింగురుమంటున్నాయి. పొగ తేలిపోయింది. కింద చేలో అందరూ నడుములెత్తి నిలబడ్డారు. నిలబడి ఉన్నారు. ఎవరూ కదల్లేదు. అడివి వైపు చూశారు, వాగు వైపు చూశారు. ఆ కాసేపు ఎంత పొడుగో నేను రాయలేను. మళ్ళీ వంగుతారేమో అనుకున్నాను. వంగితే వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరుండదు.

మొదట కదిలింది ఆడమ్. హానెస్ బూట్లు వేసుకుని గుట్ట వైపు పరుగెత్తాడు. వెనక నాన్న. ఆ వెనక అందరూ, చేతుల్లో కొడవళ్ళతోనే. నాలుగో మోత కోసం ఎవరూ ఆగలేదు.

గుర్రాలు గుట్ట కిందికి వచ్చేసరికి పిల్లా పెద్దా కలిసి మేం అరవై మందికి పైగా ఫిరంగి చుట్టూ నిలబడి ఉన్నాం.

"శత్రువెక్కడ?" అన్నాడు లెఫ్టినెంటు, అడివి వైపు చూస్తూ. అతనికి నిజంగానే తెలియదు.

అందరూ అతని పక్కనున్న మనిషి వైపు చూశారు. లెఫ్టినెంటు కూడా చూశాడు.

కోట వైపు నుంచి సుకీ నడిచి వస్తోంది. పరుగెత్తడం లేదు. మోచేతుల దాకా పిండి. కర్నల్ గుర్రం పక్కనుంచే వచ్చింది.

"నువ్వెందుకొచ్చావు? ఇంట్లోకి పో," అన్నాడు కర్నల్.

"మూడు మోగాయి దొరా. చేతిలో ఉన్నది వదిలేసి రమ్మన్నది మీ హుకుమే."

వచ్చి మా మధ్యలో నిలబడింది. జరిగి చోటిచ్చాం.

లెఫ్టినెంటు కాగితం తీసి పేర్లు చదివాడు. వెల్టెన్, మా నాన్న, ఆడమ్. పేరు చదివిన ప్రతిసారీ జనం ఇంకొంచెం దగ్గరికి జరిగారు. పన్నెండు గుర్రాలు, అరవై మంది. అతను కర్నల్‌తో చెవిలో ఏదో అన్నాడు. కర్నల్ మొహం ఎర్రబడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మళ్ళీ వస్తాం, ఎక్కువమందితో వస్తాం," అన్నాడు లెఫ్టినెంటు. అతని గొంతులో కోపం లేదు. అతనిది కూడా ఏదో కౌలు చేనై ఉంటుంది.

ఖాళీ గుర్రం ఖాళీగానే వెనక్కి తిరిగింది. ఎవరూ కేకలు వేయలేదు. ఎవరూ టోపీలు ఎగరేయలేదు. దుమ్ము కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాం. వాళ్ళు మళ్ళీ వస్తారని మాకు తెలుసు. శీతాకాలానికి ముందే వచ్చారు కూడా. ఆ సంగతి ఇంకోటి.

"ఇంకా రెండు చాళ్ళున్నాయి," అన్నాడు నాన్న. కిందికి నడిచారు.

సుకీ కదల్లేదు. గుట్ట మీదే కూర్చుంది. చేతుల పిండి గడ్డికి రాసి, ఫిరంగి వైపు చూసి, "దీన్ని ఎలా నింపుతారు?" అని అడిగింది.

తాత నా వైపు చూశాడు. నేను మందు సంచి ఆమె చేతిలో పెట్టి, ఎంత వేయాలో చూపించాను.